రిజిస్ట్రేషన్ వారంలో ఉందనగా కొనేవాళ్ళు వద్దన్నారు, బయానా సంగతేమిటి?

తనయ_గట్టు (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా నాన్నగారి పేరున ఉన్న ఇల్లు 46 లక్షలకి బేరం కుదిరింది. 5 లక్షలు బయానా తీసుకుని స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకున్నాం, నోటరీ కూడా అయింది. అమ్మానాన్నల్ని నా దగ్గరికి తెచ్చుకుందామని ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి విశాఖలో ఒక ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాను. వచ్చే గురువారం రిజిస్ట్రేషన్. నిన్న సాయంత్రం మధ్యవర్తి ఫోన్ చేసి, “వాళ్ళు వద్దనుకుంటున్నారండి, ఎవరికో వాస్తు చూపించారట, వంటగది ఈశాన్యంలో ఉందన్నారట” అని చెప్పి పెట్టేశాడు.

ఇన్నాళ్ళూ వచ్చి టేపుతో గదులు కొలుచుకున్నారు. ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో మా ముందే తేల్చుకున్నారు. అప్పుడు లేని ఈశాన్యం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? మా అమ్మ రుబ్బురోలు ఎదురింటి వాళ్ళకి, ఊరగాయ జాడీలు పిన్నికి అప్పుడే పంచేసింది. నాన్నగారు రాత్రి అన్నం ముట్టలేదు. కొనేవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు.

బయానా మేం ఉంచేసుకోవచ్చా? విశాఖ వాళ్ళకి ఏం చెప్పాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.

గేటుబజారోడు (బరంపురం)
పైసా తిరిగివ్వకండి. మాట తప్పింది వాళ్ళు. మా వీధిలో ఒకాయన ఇలాగే జాలిపడి మొత్తం ఇచ్చేశాడు. వాళ్ళు అదే డబ్బుతో పక్క సందులో ఇల్లు కొనుక్కున్నారు. రోజూ పాల ప్యాకెట్టుకి ఆ గుమ్మం ముందు నుంచే వెళ్తున్నాడు పాపం.

దస్తావేజు_మాస్టారు (ఇచ్ఛాపురం)
బాబూ, ముందు నాన్నగారికి ఇంత అన్నం పెట్టించండి. ఇల్లు ఎక్కడికీ పోలేదు, పట్టా ఆయన పేరునే ఉంది.

దస్తావేజులు రాస్తూనే నా జుట్టు నెరిసింది కాబట్టి ఒక మాట. బయానా ఉంచుకోవాలా ఇవ్వాలా అన్నది తర్వాత తేలుతుంది. అంతకన్నా ముందు వాళ్ళ చేతిలో ఉన్న ఆ అగ్రిమెంటు చెల్లకుండా పోవాలి. అగ్రిమెంటు వల్ల ఇంటి మీద వాళ్ళకి హక్కు రాదు, ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 54 ఆ సంగతి స్పష్టంగానే చెబుతుంది. కానీ దాన్ని పట్టుకుని కోర్టుకి వెళ్ళే దారి మాత్రం ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కి పెట్టుకున్న తేదీ నుంచి మూడేళ్ళ దాకా దావా వేయొచ్చు. వద్దన్నవాడు గెలవడు నిజమే, నేను సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవాల్సింది అతనే. కానీ గెలవక్కర్లేదు కదండీ. దావా నంబరు పడితే చాలు, తర్వాత వచ్చే ఏ బ్యాంకు లాయరూ మీ కాగితాలు ముట్టుకోడు.

అందుకని అగ్రిమెంటులో మూడు సంగతులు చూసి ఇక్కడ రాయండి. ఇచ్చిన 5 లక్షల్ని ఏ పేరుతో రాశారు? గడువు తేదీ వేశారా? కొనేవాడు తప్పుకుంటే ఏమవుతుందని ఉంది?

తనయ_గట్టు (పర్లాకిమిడి)
మాస్టారూ, అగ్రిమెంటు ఒడియాలో ఉంది. నాన్నగారు ఒడియా గడగడా మాట్లాడతారు కానీ చదవలేరు. పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చాక చదివించి రాస్తాను.

గుణుపురం_లైను (గుణుపురం)
తమ్ముడూ, కాగితాల సంగతి మాస్టారు చూస్తారు. నేను వేరేది చెబుతాను, ఎందుకంటే మాకూ ఇలాగే అయింది.

ఊళ్ళో ఇప్పటికే మాట మొదలై ఉంటుంది. మా ఇంటికి “ఏదో దోషం ఉందట”, వారానికల్లా “అన్నదమ్ముల తగాదా ఉందట” అయింది. ఆ పై వచ్చిన వాడు 6 లక్షలు తగ్గించి అడిగాడు, అదీ మనకేదో మేలు చేస్తున్నట్టు మొహం పెట్టి. చిన్న ఊళ్ళలో ఇల్లు వెనక్కి వచ్చిందంటే పిల్లకి సంబంధం తప్పిపోయినట్టే చూస్తారు. మా ఆయన వీధిలోకి వెళ్ళడం మానేశారు. నేను మాత్రం ఈసీ (ఇంటి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే సర్టిఫికెట్టు) కాపీలు తీయించి మధ్యవర్తికి, కిరాణా కొట్టాయనకి, గుడి దగ్గర కూర్చునే పెద్దలకి చూపించాను. ఇంటి మీద అప్పు లేదు, తగాదా లేదు, కొనేవాళ్ళకి డబ్బు సర్దుబాటు కాలేదు, అంతే. ఒకే మాట, అందరికీ అదే మాట. అమ్మగారితో కూడా అలాగే చెప్పించండి. వాళ్ళని తిట్టొద్దు. తిడితే కథ పెరుగుతుంది.

ఇంకోటి, ఫోన్లన్నీ నాన్నగారి సెల్‌కి రాకుండా చూడండి. మధ్యవర్తి, కొనేవాళ్ళు, బంధువులు ఎవరైనా మీతోనే మాట్లాడాలి. పెద్దవాళ్ళకి బీపీ తెప్పించేది జరిగిన నష్టం కాదు, దాన్ని పదిమందికి పదిసార్లు చెప్పడం.

తనయ_గట్టు (పర్లాకిమిడి)
అక్కా, మీరు రాసింది చదివి అమ్మ నవ్వింది. ఎదురింటావిడ అప్పుడే “రుబ్బురోలు తిరిగి తెమ్మంటారా” అని అడిగిందట. అంటే వీధంతా తెలిసిపోయినట్టే.

మాస్టారూ, చదివించాను. “బయానా బాపతు 5 లక్షలు” అని ఉంది. గడువు తేదీ ఉంది, అది వచ్చే శనివారం. కొనుగోలుదారు వెనక్కి తగ్గితే బయానా జప్తు, అమ్మేవాళ్ళు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి అని ఉంది.

దస్తావేజు_మాస్టారు (ఇచ్ఛాపురం)
రాసినవాడికి పని తెలుసు. ఇది మీకు బలం.

బయానా అని ఉందా, వట్టి అడ్వాన్సు అని ఉందా అన్నది చిన్న తేడా కాదు. బయానా అంటే ఒప్పందం నెరవేరుస్తానన్న హామీ సొమ్ము. 2012లో సతీష్ బాత్రా కేసులో 70 లక్షల ఆస్తికి 7 లక్షల బయానా, కొనేవాడు తప్పుకుంటే అమ్మేవాడు ఆ 7 లక్షలూ ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. వట్టిగా ధరలో భాగంగా కట్టిన సొమ్మయితే అలా కుదరదనీ అందులోనే ఉంది. అంతకుముందు 1963 నాటి ఫతే చంద్ కేసులోనూ వెయ్యి రూపాయల బయానా ఉంచుకోనిచ్చి, ఆ పైన కట్టించుకున్న 24 వేల దగ్గర మాత్రం అడ్డు చెప్పింది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం న్యాయమైన పరిహారమే దక్కుతుంది, ఎంత రాసుకుంటే అంతా కాదు. 46 లక్షలకి 5 లక్షలంటే పదో వంతుకి కాస్త పైన. మరీ ఎక్కువేం కాదు.

అలాగని గేటుబజారు వారిలా పైసా ఇవ్వనని ఇప్పుడే అనకండి. శనివారం దాటేలోపు లాయరు చేత నోటీసు ఇప్పించండి: మేం రిజిస్ట్రేషన్‌కి సిద్ధం, ఫలానా రోజున వస్తాం, మీరు రాకపోతే ఒప్పందం రద్దు. రిజిస్టర్డ్ పోస్టుని 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే వేయించి రసీదు దాచండి. ఆ రోజు నాన్నగారిని నిజంగానే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళండి.

రాయగడ_క్వార్టర్స్ (రాయగడ)
నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతాను, కోప్పడకండి. ఇక్కడ కొత్త రైల్వే డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి అమ్మేవాళ్ళు చెప్పే రేటు వేరు, బ్యాంకు వాల్యుయర్ వేసే రేటు వేరు. నేను ఒక ఇల్లు చూసుకుని, బయానా ఇచ్చి, చివర్లో వదులుకున్నాను. జనం అడిగితే వాస్తు అనే చెప్పాను. లోను రాలేదని ఎవరు చెప్పుకుంటారండీ?

మీ లెక్కే చూడండి. 30 నుంచి 75 లక్షల మధ్య ఇంటి లోనుకి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకు 80 శాతం దాకానే ఇస్తుంది. 46కి 80 శాతం అంటే 36 లక్షల 80 వేలు వస్తాయని వాళ్ళు లెక్క వేసుకుని ఉంటారు. వాల్యుయర్ వచ్చి 38 లక్షలే అని రాసిచ్చాడనుకోండి, బ్యాంకు ఆ తక్కువ లెక్కే పట్టుకుంటుంది, 30 లక్షల 40 వేలు ఇస్తుంది. ఒక్క కాగితంతో 6 లక్షల 40 వేలు లోటు. పైన ఒడిశాలో స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, అది ఇంకో 3 లక్షల 22 వేలు. మామూలు ఉద్యోగి ఎక్కడ నుంచి తెస్తాడు?

ఒకసారి మధ్యవర్తిని పక్కన పెట్టి నేరుగా అడగండి. అసలు కారణం అదే అయితే బేరం ఇంకా బతికే ఉండొచ్చు. కొనే ఆయన భార్య పేరున రిజిస్టర్ చేయించుకుంటే, ఆడవాళ్ళకి స్టాంపు డ్యూటీ 4 శాతమే, అక్కడే 46 వేలు మిగులుతుంది.

గేటుబజారోడు (బరంపురం)
అంటే మీకు లోను రాకపోతే ఆ నష్టం అమ్మేవాళ్ళు మొయ్యాలా? లోను మంజూరు కాకుండా బయానా ఎందుకు ఇచ్చారు?

రాయగడ_క్వార్టర్స్ (రాయగడ)
బయానా లేకుండా అగ్రిమెంటు లేదు, అగ్రిమెంటు లేకుండా బ్యాంకు వాల్యుయర్‌ని పంపదు. ముందు ఏది చేయమంటారు? మొయ్యమని నేను అనలేదు, నా బయానాలో సగం వాళ్ళే ఉంచుకున్నారు, నోరెత్తలేదు. వాస్తు అన్న మాటని పట్టుకుని వాళ్ళ ఇంటి మీదకి గొడవకి వెళ్ళొద్దంటున్నాను.

గేటుబజారోడు (బరంపురం)
సరే, ఆ మాట బాగానే ఉంది.

జయపురం_ఖాతా (జయపురం)
లెక్కల మనిషిగా కొన్ని.

ఉంచుకున్న బయానా ఊరికే వచ్చిన డబ్బు కాదు. 2014లో చట్టం మార్చాక, జప్తు చేసుకున్న బయానాని ఆ ఏడాది ఇతర ఆదాయంగానే లెక్కేస్తారు. పెన్షన్‌తో కలిసి ఏ స్లాబులో పడుతుందో చూసుకోండి. పాత రోజుల్లోలా ఇంటి ఖరీదులోంచి తగ్గించి చూపడానికి లేదు.

తిరిగి ఇచ్చేది ఎంతైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటి బేరం బాపతు 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడమూ తప్పే, బేరం చెడ్డాక నగదుగా తిరిగివ్వడమూ తప్పే. జరిమానా ఆ మొత్తానికి సమానంగా పడొచ్చు. (మీ 5 లక్షల్లో నగదు ఎంతో ఇక్కడ రాయొద్దు. అడగడం లేదు.)

ఇక ఎవరూ అడగని ప్రశ్న: విశాఖ ఫ్లాటు ఎవరి పేరున? ఇల్లు అమ్మేది నాన్నగారు. ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను మినహాయింపు కావాలంటే కొత్త ఇల్లు కూడా ఆయన పేరున ఉండాలి. కొడుకు పేరున కొంటే డిపార్టుమెంటు ఒప్పుకోదు, కోర్టులదీ తలోదారి. ఇంకోటి, ఫ్లాటు ముందే కొనేస్తే పాత ఇల్లు ఆ తర్వాత ఏడాదిలోపు అమ్ముడుపోవాలి. ముందు అమ్మితే కొనడానికి రెండేళ్ళు టైముంటుంది. ఇప్పుడు అమ్మకం వెనక్కి జరిగింది కాబట్టి ఈ తేదీలు మీకు మారతాయి.

తనయ_గట్టు (పర్లాకిమిడి)
ఫ్లాటు అగ్రిమెంటు నా పేరున ఉంది సార్. ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు, నాన్నగారి పేరున మార్చమని అడుగుతాను.

పాతపట్నం_స్టేషన్ (పాతపట్నం)
విశాఖ వాళ్ళతో ఎలాగూ మాట్లాడాలి కదా, గడువు దగ్గరపడేదాకా ఆగకండి, ఇవాళే మాట్లాడండి. మీ కొనుగోలుదారు ఫోన్ ఎత్తకపోతే మీకెంత మండిందో, రేపు వాళ్ళకీ అంతే. జరిగింది జరిగినట్టు చెప్పి రెండు మూడు నెలలు గడువు అడగండి. ఒప్పుకుంటే పాత అగ్రిమెంటు వెనకాలే రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఫోన్లో “పర్లేదు లెండి” అన్నదానికి విలువ లేదు. ఇంకాస్త అడ్వాన్సు అడుగుతారు బహుశా. అప్పు చేసి మాత్రం ఇవ్వకండి, ముందు ఇక్కడి ఇల్లు తేలనివ్వండి.

పర్లాకిమిడి ఇళ్ళకి మా ఆంధ్రా వైపు నుంచి కూడా కొనేవాళ్ళున్నారు. పిల్లల చదువులకనో, పాత చుట్టరికాలనో వస్తారు. మధ్యవర్తిని ఒడిశా వైపే తిప్పకుండా ఇటు కూడా ఒకరికి చెప్పండి.

రాయగడ_క్వార్టర్స్ (రాయగడ)
చిన్న సందేహం. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా (గిరిజన ప్రాంతం) కదా, కొనేవాళ్ళ విషయంలో ఆటంకాలేమైనా ఉంటాయా?

దస్తావేజు_మాస్టారు (ఇచ్ఛాపురం)
గుమ్మా, రాయగడ బ్లాకులు, ఆర్. ఉదయగిరి వైపు షెడ్యూల్డ్ ఏరియా. (ఆ రాయగడ బ్లాకు గజపతి జిల్లాలోది, మీ రాయగడ ఊరు కాదు. ఈ రెండిటితో నా సర్వీసంతా తిప్పలే.) పర్లాకిమిడి పట్టణం అందులోకి రాదు. అక్కడైనా అసలు అడ్డు గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా పెట్టిన 1956 రెగ్యులేషన్ వల్ల. వీళ్ళకి ఆ సమస్య లేదు. వీళ్ళు చూసుకోవలసింది పట్టాలో కిసమ్ (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉందా లేదా అన్నది. లేకపోతే తర్వాత వచ్చేవాడి లోను కూడా అక్కడే ఆగుతుంది.

తనయ_గట్టు (పర్లాకిమిడి)
కిసమ్ ఘరబారే, ఇప్పుడే చూశాను.

మిగతా కబురు. మధ్యవర్తి లేకుండా నేనూ మా బాబాయీ వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన గుమ్మంలోనే తల దించుకున్నాడు. రాయగడ వారు చెప్పిందే. వాల్యుయర్ 39 లక్షలు వేశాడట. ఆవిడ లోపలికి వెళ్ళి ఆ రిపోర్టు తెచ్చి మా ముందు పెట్టింది. బంగారం తాకట్టు పెట్టినా సరిపోదని చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. బాబాయి గొడవ పెట్టుకోవాలనే వచ్చాడు, టీ తాగి లేచాడు. ఆవిడ పేరున రాయించుకునే సంగతి, ఇంకో బ్యాంకు సంగతి అన్నీ మాట్లాడాం. ధర 41కి దించితే చూస్తామన్నారు. నాన్నగారు వద్దన్నారు, నాకూ వద్దనే అనిపించింది.

1 లక్ష మేం ఉంచుకునేట్టు, 4 లక్షలు తిరిగిచ్చేట్టు మాట అయింది. కానీ నా దగ్గర ఇప్పుడు 2 లక్షలే ఉన్నాయి, మిగతావి ఫ్లాటులో ఉన్నాయి. రెండో 2 లక్షలు ఇల్లు అమ్ముడుపోయాక ఇస్తానంటే, అప్పటిదాకా అగ్రిమెంటు తమ దగ్గరే ఉంచుకుంటామంటున్నారు.

దస్తావేజు_మాస్టారు (ఇచ్ఛాపురం)
అక్కడ ఒప్పుకోకండి. మిగతాదంతా బాగుంది.

అగ్రిమెంటు వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం ఇల్లు అమ్ముడుపోదు, ఇల్లు అమ్ముడుపోతేనే వాళ్ళకి డబ్బు. ఇద్దరూ ఇరుక్కుంటారు. స్టాంపు పేపరు మీద రద్దు ఒప్పందం రాయించండి. ఫలానా తేదీ అగ్రిమెంటు ఇవాళ్టితో రద్దు, ఇంటి మీద మాకు ఏ హక్కూ దావా లేదు, 2 లక్షలు ఇవాళ ఫలానా యూటీఆర్ నంబరుతో (బ్యాంకు బదిలీకి పడే నంబరు) ముట్టాయి, మిగతా 2 లక్షలు ఫలానా తేదీకి ఇస్తారు. రద్దు ఇవాళ్టి నుంచే అమలు. మిగతా డబ్బు ఆలస్యమైతే ఆ డబ్బు కోసమే అడగాలి తప్ప పాత అగ్రిమెంటు మళ్ళీ లేవకూడదు, ఆ వాక్యం తప్పకుండా ఉండాలి. వాళ్ళ భయం కూడా న్యాయమే, అందుకని రెండో 2 లక్షలకి తేదీ వేసిన చెక్కు ఇవ్వండి. “ఇల్లు అమ్ముడుపోయాక” అని మాత్రం రాయొద్దు, అది ఎప్పుడో ఎవరికి తెలుసు? కానీ ఆ తేదీకి డబ్బు ఉంటుందనే నమ్మకం ఉంటేనే చెక్కు ఇవ్వండి, చెక్కు తిరిగొస్తే అది ఇంకో కేసు.

భార్యాభర్తలిద్దరి పేరునా అగ్రిమెంటు ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒడియాలో రాయిస్తే సంతకాలకి ముందు నాన్నగారికి పైకి చదివి వినిపించాలి, చదివి వినిపించామని చివర్లో రాయించాలి. మీది నోటరీ అగ్రిమెంటే కాబట్టి నోటరీ దగ్గర రద్దు సరిపోతుంది. రిజిస్టర్ అయినదైతే రద్దు కూడా రిజిస్టర్ చేయించాల్సి వచ్చేది.

గేటుబజారోడు (బరంపురం)
1 లక్షకే వదిలేశారా! నేనైతే 3 ఉంచుకునేవాణ్ణి. సర్లెండి, ఇల్లు మీది.

గుణుపురం_లైను (గుణుపురం)
కేసు నడిపించి 3 తెచ్చుకునే లోపు ఇంటికి మూడు వానలు పడేవి. తమ్ముడు చేసింది మంచిదే. ఇప్పుడు ఆషాఢం రాకముందే మళ్ళీ చూపించడం మొదలుపెట్టండి. గోడకి సున్నం వేయించకపోయినా గేటుకి రంగు వేయించండి.

తనయ_గట్టు (పర్లాకిమిడి)
సంతకాలు అయ్యాయి, అగ్రిమెంటు ఒరిజినల్ తిరిగొచ్చింది. దాని మీద అడ్డంగా “రద్దు” అని రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. విశాఖ వాళ్ళు రెండు నెలలు గడువిచ్చారు, పేరు మార్చడానికీ ఒప్పుకున్నారు. దాని కోసం ఇంకో 50 వేలు అడిగారు, ఇచ్చాను, బ్యాంకు ద్వారానే.

పాతపట్నం నుంచి ఒకాయన వచ్చి ఇల్లు చూసి వెళ్ళారు. లోను అక్కర్లేదట, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బుందట. 44 అడుగుతున్నారు. వెనక్కి పోయిన బేరం సంగతి ఎవరో చెప్పేశారు, ఆ రద్దు కాగితం చూపించమంటున్నారు. ఒరిజినల్ ఇచ్చేయనా?

దస్తావేజు_మాస్టారు (ఇచ్ఛాపురం)
చూపించండి, చేతికివ్వకండి. జిరాక్స్ తీసి దాని మీద నాన్నగారు సంతకం పెట్టి, ఏ తేదీన ఎవరికి ఇచ్చారో రాసి ఇవ్వండి. ఒరిజినల్ రిజిస్ట్రేషన్ రోజున, డబ్బు ఖాతాలో పడ్డాకే. ఈసారి బయానా ఎంత తీసుకున్నా గడువు మాత్రం నెలకి మించి ఇవ్వొద్దు, లోను లేనివాడికి అంతకన్నా ఎందుకు?

తనయ_గట్టు (పర్లాకిమిడి)
అలాగే మాస్టారూ. 45 అంటే ఒప్పుకునేలా ఉన్నాడు, రేపు మళ్ళీ వస్తానన్నాడు.